ఊబి మీద లేచిన బట్టల బజారు

మార్చి 4
బజారు నడిపే కంపెనీవాళ్లు ఇవాళ 'మన బజారు చరిత్ర' అనే పుస్తకం పంచారు. నిగనిగలాడే కాగితం. మా అమ్మ పేరు ఎక్కడా లేదు.

ఆ పుస్తకం కోసమని కంపెనీ తరఫున రికార్డర్ పట్టుకొచ్చిన పిల్లకి మూడు గంటలు చెప్పాను. మా కుమాసీ ఊళ్లో ఈ చోటంతా ఊబిగా ఉన్న రోజుల్లో మా అమ్మ దుఫీ, మరో పదకొండు మంది ఆడవాళ్లు తలల మీద మట్టి మోసి పూడ్చారని. ముందు గొడుగుల కింద, తర్వాత చెక్కబడ్డీల్లో, ఆపైన రేకుల షెడ్లలో బట్టలు అమ్మారని. వీళ్లేం రాశారు? "ఎందుకూ పనికిరాని చిత్తడిని స్వర్గీయ అంపోఫో గారు బజారుగా తీర్చిదిద్దారు." ఏం తీర్చిదిద్దాడు? రోజూ మా దగ్గర ఆశీలు వసూలు చేసేవాడు! ఇప్పుడు వాడి కొడుకుదే కంపెనీ.

మార్చి 5
పుస్తకం ఇంకోసారి తిరగేశాను, అమ్మ పేరు లేదు.

మార్చి 9
పుస్తకం ఎందుకో మీటింగులో తెలిసింది. మూడు వందల షాపులూ కూల్చి మాల్ కడతారట. స్థలం మొదటినుంచీ అంపోఫోదే, మీరు ఉత్త అద్దెవాళ్లు, చరిత్రే చెబుతోంది అన్నాడు కంపెనీ లాయరు.

ఆ పన్నెండు మందిలో మిగిలింది బిరాగో అవ్వ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్లు. కర్ర ఊతంగా లేచింది.

"ఏం నాయనా, నువ్వు పుట్టకముందు మోశాను ఆ మట్టి. తవ్వి చూడు. మట్టి మోసి చిల్లులుపడ్డ మా బేసిన్లు కూడా అందులోనే పడేశాం."

లాయరు నవ్వాడు. వాడితోపాటు ఇంకొందరు. అవ్వ ముందు!

మార్చి 21
పార్కింగ్ దగ్గర పునాది పరీక్షకని యంత్రంతో తవ్వారు. వచ్చాయి! తుప్పుపట్టిన ఎనామిల్ బేసిన్లు, ఒకటి కాదు, బండెడు. బజారంతా ఫోన్లెత్తి వీడియోలు తీసింది. అవ్వ ఒకటి తీసుకుని కొంగుతో తుడిచింది. నేను మాత్రం కంపెనీవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను.

మార్చి 23
వీడియోలు ఊరంతా తిరిగేసరికి కంపెనీ దిగొచ్చింది. బిరాగో అవ్వకూ, మిగతా పదకొండు మంది వారసులకూ మాల్‌లో కింది అంతస్తులో పన్నెండు షాపులు, సొంతానికి. మిగతావాళ్లు ఖాళీ చేయాలి.

నాకూ ఒకటి.

మార్చి 24
ఒప్పుకుంటే ఎవరు తప్పంటారు? ఈ మాట రాసినందుకు నా మీద నాకే అసహ్యం.

మార్చి 25
సంతకాలకు పిలిచారు. పక్క షాపు అచియా గుమ్మంలో నిలబడింది. ఇరవై ఏళ్లుగా నా అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి తిన్న మనిషి. "వెళ్లు అక్కా, నీ హక్కు అది" అంది. తల మాత్రం ఎత్తలేదు.

వెళ్లాను. కాగితం నాలుగు ముక్కలు చేసి లాయరు టేబుల్ మీద పెట్టాను. వెనకాలే బిరాగో అవ్వ. "నాది కూడా చించు తల్లీ, నా వేళ్లకు బలం లేదు" అంది. పన్నెండులో ఏడు చిరిగాయి. ఐదుగురు సంతకం పెట్టారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను, చెయ్యి రావడం లేదు.

ఏప్రిల్ 2, ఉదయం ఆరు
షాపులన్నిటికీ కంపెనీ తాళాలు. రోడ్డు మీదే బట్టలు పరిచాం. కార్లు ఆగిపోయాయి, హారన్లు. మొదటి బేరానికి ఆగిన కారులోంచి లాయరు భార్య దిగింది. రెట్టింపు చెప్పాను. కొనుక్కుంది.