మామ అరచెయ్యి, నా ఎనిమిది పేజీలు

లింబాయత్, మంగళవారం

సేటు లేని కార్ఖానా నలుగురం కూలీలమే పెట్టుకోవాలన్నది నా పంతం. ఇవాళ అమ్మకానికి వచ్చిన పాత మరమగ్గాలను చూడబోయాం. కార్మిక సంఘం కరపత్రాలన్నీ చదివి నేను ఎనిమిది పేజీల ప్రణాళిక రాసుకెళ్లాను. పాతికేళ్లుగా మగ్గం నడుపుతున్న మల్లేశం మామ మాత్రం, ఆడుతున్న మగ్గం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"వద్దురా. ఇవి మనకు అక్కెరకు రావు."

"ఎందుకు?"

"ఏమో. చేతికి తెలుస్తది, నోటికి రాదు."

నాకు ఒళ్లు మండింది. "గిది మూఢనమ్మకం మామా. జర బుర్రతోటి ఆలోచించు," అని అందరి ముందే అరిచాను.

ఆయన నవ్వాడు. "నీ కాగితం బట్ట నేస్తే చెప్పు అల్లుడా, నేను దానికి దారమెక్కిస్త."

రేపు పొద్దున్నే అమ్మేవాడికి మాట చెప్పాలి. నేను సరేనంటే మిగతా ముగ్గురూ చేస్తున్న పని మానేసి నా వెంట వస్తారు. వద్దన్న మామ కూడా వస్తానన్నాడు. అదే నాకు అర్థం కావడం లేదు. కూలీకీ ఆలోచన ఉంటుందని చదివి ఊగిపోయినవాణ్ణి, అది చేతిలో కనిపిస్తే మూఢనమ్మకం అన్నానా? లేక మామ ఉత్తగా భయపడ్డాడా?

పక్కింటి మగ్గాలకు మా గోడ ఎప్పుడూ వణుకుతుంది. ఇందాక దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. వణుకు తప్ప ఏమీ తెలియలేదు.