గది ఖాళీగుంటే

గద్వాల, మంగళవారం రాత్రి

ఏసీకి పెట్టే స్మార్ట్ థర్మోస్టాట్ కోసం సాయంత్రం మా ఆయనతో షాపుకు వెళ్లాను. నాకు కావలసింది ఒక్కటే, తెల్లవారుజామున చంటిదానికి చలి పెట్టకూడదు. షాపతను ఫోన్‌లో చూపించాడు.

"గదిల మనిషి లేకుంటే దానంతటదే బంద్ అయితదక్కా. కరెంటు మిగుల్తది."

మా ఆయన కరెంటు మాటే పట్టించుకోలేదు. "గది ఖాళీగుంటే నా ఫోన్ల తెలుస్తదా? నేను రాజోలిల డ్యూటీకి పోయినా గూడ?" అన్నాడు.

"ఏడున్నా తెలుస్తదన్నా."

"గిదే ఇయ్యి."

పాప కోసమే అడిగాడేమో. డబ్బులు కట్టి పెట్టె ఇంటికి తెచ్చుకున్నాం.

పెట్టె ఇంకా విప్పనేలేదు. అయినా రేపు మధ్యాహ్నం పాపనెత్తుకుని పక్కింటి సుజాతక్క దగ్గర కాసేపు కూర్చోవచ్చా, కూడదా అని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.