సింథటిక్ ఆయిల్ గురించి అన్నయ్యకు

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న రైతుల్ని మిర్చి యార్డు దగ్గర దించాక మన టాక్సీకి గ్యాస్కెట్ పోయింది. గుంటూరులోనే ఇంజిన్ విప్పించాను.

ఉన్నన్నాళ్లూ నువ్వు ఇంజిన్‌కి ఖరీదైన సింథటిక్ ఆయిలే పోయించావు. దండగని నేను గొణిగితే, "ఒరేయ్, బండి మనకి అన్నం పెడుతోందిరా" అనేవాడివి. నువ్వు పోయాక నేను మామూలు ఆయిలే వాడుతున్నాను. లోపల మడ్డి పట్టి ఉంటుందని, నీ మాటే నెగ్గుతుందని అనుకున్నాను. నిజానికి అలా జరగాలనే కోరుకున్నాను.

మెకానిక్ మస్తాన్ లోపలంతా చూశాడు. "శుభ్రంగా ఉందండీ. టైముకి మారుస్తున్నారుగా, ఈ పాత బండికి మామూలుదే చాలు" అన్నాడు.

అయినా, ఇంజిన్ విప్పాక ఎలాగూ కొత్త ఆయిల్ పోయాలి కదా, ఈసారికి సింథటిక్ పోయిద్దామని వదినకు ఫోన్ చేశాను.

"మీ అన్నకది ముచ్చటయ్యా. మనకి ఇల్లు గడవాలి. మామూలుదే పోయించు" అంది.

అదే పోయించాను.

నువ్వుంటే ఇంజిన్ చప్పుడులోనే తేడా తెలుస్తోందని వాదించేవాడివి. తిరుగు దారిలో వినుకొండ దాకా పాటలు ఆపేసి, అద్దాలెత్తి విన్నాను. నాకేమీ తెలియలేదు. ఇల్లు చేరేసరికి బాగా అలిసిపోయాను.