బకెట్టులో రెండు కాయలు

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ముసునూరు మామిడి తోటల్లో కోతలు మొదలయ్యాయి. మీ ఐదో తరగతి ఇప్పుడు నాకే ఇచ్చారు. మీ నల్లబల్ల ఉన్న చోట గోడకి పెద్ద టీవీ బిగించారు, వేలితో నొక్కితే పనిచేసేది.

ఇవాళ నీళ్ళలో తేలేవి, మునిగేవి పాఠం. టీవీ మామిడికాయ బొమ్మ చూపించి, ఇది తేలుతుందా, మునుగుతుందా అని అడిగింది. తోటల్లో కూలికెళ్ళే రమణమ్మ కూతురు లేచింది.

"ముదిరితే మునుగుద్ది టీచర్, లేతదైతే తేలుద్ది. మా అమ్మ నీళ్ళల్లో వేసే ఏరుద్ది."

"జవాబు మనం చెప్పకూడదమ్మా, పిల్లలే పట్టుకోవాలి" అనేవారు కదా మీరు. అందుకే బీరువా వెనక నుంచి మీ బకెట్టు తీసి నీళ్ళు నింపాను. ఆ పిల్ల సంచిలోంచి రెండు కాయలు వేసింది. ఒకటి మునిగింది, ఒకటి తేలింది. క్లాసంతా ఒకటే అరుపులు!

టీవీ మాత్రం 'తేలుతుంది' అని నొక్కితేనే ముందుకి కదులుతుంది. పాఠం ఇవాళ పూర్తికాకపోతే నాకు మెమో.

"తేలుతుందని నొక్కెయ్యమ్మా" అన్నాను.

నొక్కింది. టీవీలో చప్పట్లు మోగాయి.

"అయితే మా అమ్మ చెప్పింది తప్పా టీచర్?"

ఈలోగా టీవీలో టీచరు కోసం ఇంకో ప్రశ్న వచ్చింది: 'జవాబు పిల్లలే సొంతంగా కనుక్కున్నారా?' కాదంటే పాఠం మళ్ళీ మొదటికొస్తుంది.

అవునని నొక్కాను మాస్టారూ.