మావాళ్లు గెలిస్తే బావ రాడు

ఆగస్టు 16

పై లీగ్‌లో మావాళ్ల ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్. ఎన్నేళ్లుగా ఎదురుచూశానో ఈ రోజు కోసం. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. బావ కడుపు పట్టుకుని నవ్వాడు... నవ్వనీ. మా ఆవిడ నాగమణి బతికుంటే వాళ్లన్నని నాలుగు తిట్టి, నాకు ఇంకో కప్పు టీ పోసేది.

ఆగస్టు 23

పిచ్చి పని జరిగింది. రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం దీపం పెట్టి, అమ్మవారి పటం ముందు కర్పూరం వెలిగించాను. ఈలోపు బావ వచ్చాడు. వస్తూనే మొదలు. మా జట్టు పేరు హాల్‌హేవెన్ అనడానికి అతనికి నోరు తిరగదు. "మీ ఆలేవెను పని అయిపోనాది బావా. కొత్తగా పైకొచ్చినోల్లు కిందకే ఎల్తారు. ఏ యేడు సూసినా అంతే." నాకు ఒళ్లు మండింది. నిలబడతారన్నాను. నిలబడితే ఏం చేస్తావన్నాను.

"నిలబడితే నీ గుమ్మం తొక్కను. నీతో మాటాడను. సరేనా?"

అక్కడితో ఊరుకోవచ్చు కదా నేను. ఊరుకోలేదు. "నువ్వా? రేపటికి మాట మార్సీస్తావు. నీ సంగతి నాకు తెల్దేటి?" అనేశాను.

అంతే. విసురుగా లేచి వెళ్లి, మండుతున్న కర్పూరం మీద అరచెయ్యి వేసి ఆర్పేశాడు. "అమ్మోరి తోడు!"

కర్పూరం ఆర్పి ఒట్టేస్తే దానికి ఇక తిరుగులేదు. మా తాతలు బర్మా వచ్చి రేవులో మూటలు మోసిన రోజుల్లో ఎంత పెద్ద తగువైనా ఇలాగే తెగేదట. అది తీసుకొచ్చి ఫుట్‌బాల్ మీద పెట్టాడు ఈ మహానుభావుడు. చెయ్యి బొబ్బెక్కింది. కొబ్బరినూనె రాస్తుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. "ఎలాగూ పడిపోతార్లే మీవోల్లు" అన్నాడు. పైకి ఒప్పుకోలేదు గానీ, నేనూ అదే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 13

గెలిచారు! అదీ పరాయి ఊళ్లో. ఆట మధ్యలో కరెంటు పోయింది, టీవీని బ్యాటరీకి తగిలించి చూశాం. అదే రోజు బావ ప్రాణం పెట్టుకున్న ఎర్రజట్టు ఓడింది. వీధి చివరిదాకా సాగనంపుతూ ఏడిపించాను. "ఏటి బావా, మాటాడవేటి? నాలిక్కరుచుకున్నావేటి?" ఎంత హాయిగా ఉందో ప్రాణానికి.

అక్టోబర్ 5

ఐదో స్థానం.

టీకొట్టు నడిపే డా మ్యా పొద్దున్నే "ఊ రమణా, మీ జట్టు!" అని కేకేసింది. బర్మావాళ్ల 'ఊ' అంటే మన 'గారు'. నిన్నటిదాకా ఆ జట్టు పేరు మా పేట పజుండౌంగ్ మొత్తం మీద నాకూ బావకూ తప్ప ఎవరికీ తెలీదు. ఎలా పట్టుకున్నారు దీన్ని అని అందరూ అడుగుతున్నారు. ఏముంది... ఓడలో ఫిట్టర్‌గా ఉన్న రోజుల్లో ఇంజన్ చెడి హాల్‌హేవెన్ రేవులో ఇరుక్కుపోయాం. నేను చలికి వణుకుతుంటే ఒక ముసలి రేవు కూలీ తన కోటు నాకు తొడిగి ఆటకి తీసుకెళ్లాడు. చిత్తుగా ఓడిపోయారు. అయినా జనం వానలో తడుస్తూ పాడుతూనే ఉన్నారు. అప్పటినుంచి మావాళ్లు.

నవంబర్ 2

ట్వంటే ఊరి నుంచి మా అమ్మాయి పార్వతి ఫోన్. నేను తెలుగులో అడుగుతాను, అది బర్మీస్‌లో చెబుతుంది. నా కూతురికి అర్థమవుతుంది, నోరు రాదు. దాని పిల్లలకి అర్థం కూడా కాదు. "మా దగ్గరికి వచ్చేయండి నాన్నా" అంది. అందులో నాన్నా ఒక్కటే తెలుగు.

వెళ్లి? రోజంతా ఎవరితో మాట్లాడను? ఇక్కడైతే బావ ఉన్నాడు. అతనికీ నేనే ఉన్నాను. కొడుకు, కోడలు, మనవలు, ఇంట్లో అంతా బర్మీసే. అతని భార్య, మా నర్సమ్మక్కకి తెలుగు వచ్చు గానీ చెవుడు, మొగుడు చెప్పేది సగం వినదు. అందుకే శనివారం శనివారం ఇద్దరం ఇక్కడ చేరి తెలుగులో తిట్టుకుంటాం.

డిసెంబర్ 7

ఆరో స్థానం. బావ ఎగతాళి తగ్గించాడు. నేనూ తగ్గించాను. పాయింట్ల టేబుల్ వంక చూస్తాం, తర్వాత గోడ వంక చూస్తాం. ఒట్టు మాట ఇద్దరం ఎత్తం.

డిసెంబర్ 20

బావ ఇవాళ రాలేదు. మింగళాడోన్‌లో వియ్యాలవారింట్లో విందు, తిరుగు బస్సు దొరకలేదట. ఒక్కడినే చూశాను. ముప్పై గజాల నుంచి కొట్టాడు మా పొడుగాటి ఫార్వర్డ్, గోల్‌కీపర్‌కి బంతి కనపడను కూడా లేదు. "సూసినావా!" అని పక్కకి తిరిగాను. ఖాళీ కుర్చీ. ఇది ఒక్క వారమే కదా అనుకున్నాను. తర్వాత భయం వేసింది.

డిసెంబర్ 28

గెలిచారు. గెంతబోయి ఆగాను. బావ అరచెయ్యి చూసుకుంటున్నాడు. మచ్చ పోలేదు.

జనవరి 18

నాలుగు గోల్స్ తిని ఓడారు. వెధవలు.

లోపల హమ్మయ్య అనిపించింది. ఇక్కడ రాయడానికే సిగ్గుగా ఉంది. బావ కూడా – "పర్లేదులే, అలిసిపోనారు పాపం" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. ఎర్రజట్టు గెలిచినప్పుడు కూడా అంత మెత్తగా ఉండదు ఆ గొంతు.

ఫిబ్రవరి 8

అడిగేశాను. "గుడికెల్దాం బావా. పూజారిని అడిగితే ఒట్టు ఇప్పుకోడానికి ఏదో దారి సెప్తాడు."

లేచి నిలబడ్డాడు. "ఆట కోసం అమ్మోర్ని ముట్టుకున్నాను. మల్లా ఆట కోసమే మాట మార్సుకోమంటావేటి? ఆ రోజు నువ్వేటన్నావు నన్ను? రేపటికి మార్సీస్తావన్నావు."

అన్నాను. నా నోటిదూల. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

మార్చి 1

బావ ఇప్పుడు రోజూ వస్తున్నాడు. మ్యాచ్ లేకపోయినా. పొద్దున చేపపులుసు సేమ్యాల మొహింగా పొట్లాలు తెస్తాడు, ఇద్దరం తింటాం. పేపరు చదువుతాడు, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీస్తాడు, దీపాల వేళకి వెళ్తాడు. ఎందుకని నేనడగలేదు. అతను చెప్పలేదు.

మార్చి 14

డ్రా. డ్రాకి దండం పెట్టుకునే రోజు కూడా వచ్చింది నాకు.

మార్చి 22

టీకొట్టులో సగం మందికి మావాళ్ల నీలం చొక్కాలు. నన్ను గురువుగారూ అంటున్నారు. రేవు కథ, కోటు కథ మళ్లీ మళ్లీ చెప్పించుకుంటున్నారు. చెబుతాను. బర్మీస్‌లో చెబుతుంటే ఎవరి కథో చెబుతున్నట్టు ఉంటుంది. బావకైతే ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ "ఆ కోటు తిరిగిచ్చినావా లేదా?" అని అడిగేవాడు, దొంగని పట్టుకున్నట్టు.

ఏప్రిల్ 11

ఇవాళ గెలిస్తే ఖాయం, ఇక మావాళ్లని ఎవరూ కిందికి దించలేరు. బావకీ తెలుసు. స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని వచ్చాడు. సాయంత్రం మ్యాచ్.

రెండో సగంలో మా పొడుగాటివాడు తలతో కొట్టి గోలు వేశాడు. నేను చప్పట్లు కొట్టలేదు. తొంభై నిమిషాలూ అయిపోయాయి. రిఫరీ ఇంకో ఆరు కలిపాడు.

అప్పుడు మొదలుపెట్టాడు బావ. టీవీ మీద నుంచి కళ్లు తీయకుండా, గబగబా.

"బీపీ మాత్తర్లు పొద్దున్నే ఏసుకో, మర్సిపోకు. వంటింట్లో కుళాయి బాగుసేయించు, నీరు కారిపోతంది. రాత్రి పడుకునే ముందు గ్యాసు కట్టీ. మా సెల్లి పటానికి దండ ఎండిపోనాది, సూసినావా? మార్సు. ఆవకాయ మీ అక్క పంపిస్తాది, డబ్బా కడిగి ఎనక్కియ్యి, కిందటిసారి ఇయ్యలేదు నువ్వు. సిన్నప్పుడు క్రీకు కాలవలో పడిపోతే నన్ను పైకి లాగింది నువ్వు కాదు, నాగమణి. నువ్వే లాగినట్టు ఊరందరికీ సెప్పుకుంటావు. పర్లేదు, అలాగే సెప్పుకో..."

"ఉండు బావా, ఉండు" అన్నాను.

"ఉండడానికి టైమేదీ? సూడు, రెండు నిముసాలే ఉన్నాది. నువ్వేదైనా సెప్పాలంటే సెప్పు. బేగి."

ఊహ తెలిసిన దగ్గర్నుంచి మాట్లాడుతున్న మనిషి. వాగుడుకాయనని పేరు పడ్డవాణ్ని. ఒక్కటి తోచలేదు. "టీ తాగుతావా?" అన్నాను.

"ఒక కప్పు పొయ్యి."

పోసేలోపు ఈల వేసేశారు.

టీ తాగాడు. కప్పు తనే కడిగి బోర్లించాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, తీసి, వెళ్లిపోయాడు. టీవీలో నీలం చొక్కాల జనం ఏడుస్తూ ఒకరినొకరు కావలించుకుంటున్నారు. నేనూ ఏడ్చాను. మావాళ్ల కోసం కాదు.

ఏప్రిల్ 15

తింజాన్ నీళ్ల పండగ. వీధి నిండా నీళ్లు, పాటలు. తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 24

ఇవాళ నోటినుంచి తెలుగు మాట ఒక్కటి రాలేదు. సాయంత్రం నాగమణి పటంతో "అన్నం తింటన్నాను" అన్నాను. గొంతు నాదిలా లేదు. దండ మార్చాను.

ఏప్రిల్ 30

గుడికి వెళ్లాను, ఒక్కడినే. పూజారిది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఇద్దరూ కలిసి రావాల. ఆర్పినాయన సేత్తోనే మల్లా ఎలిగించాల. ఒక్కడివొస్తే అమ్మోరేటి సేస్తాది?"

వచ్చేటప్పుడు బావ వీధిలోంచి నడిచాను. ఆరో అంతస్తు. బనియన్లు ఆరేసి ఉన్నాయి. మనిషి కనపడలేదు.

మే 9

టీకొట్టులో బావ. నన్ను చూడగానే డబ్బులు బల్ల మీద పెట్టి లేచిపోయాడు. టీ సగం అలాగే వదిలేశాడు. కోపం కాదు, ఎదురుగా ఉండి మాట్లాడకుండా ఉండలేడు, నాకు తెలుసు. ఇకనుంచి ఆ వేళకి నేను అటు వెళ్లను. అతని టీ అతను తాగాలి కదా.

మే 24

ఆఖరి మ్యాచ్. గెలిచారు. ఆరో స్థానం. కొత్తగా పైకొచ్చిన జట్టు, వచ్చే ఏడు యూరప్ పోటీల్లో ఆడుతుంది! టీకొట్టు జనం నన్ను కుర్చీతో సహా పైకెత్తారు. పైనుంచి చూశాను, గుంపులో ఎక్కడైనా బావ ఉన్నాడేమోనని. లేడు. ఇంటికొచ్చి, అన్నం వండుకోకుండా పడుకున్నాను. ఇంత గొప్ప రోజు ఇంత చప్పగా గడుస్తుందని ఎవరైనా చెబితే కొట్టేవాణ్ని.

మే 27

నర్సమ్మక్క వచ్చింది, ఆవకాయ డబ్బాతో, ఆరంతస్తులు దిగి. "ఏటయ్యిందర్రా మీకు? ముసిలోల్లైపోయి బంతాట కోసం ఈ పంతాలేటి?" చెవుడు కదా, జరిగిందంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధంతా విన్నది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

బావ గుడికి రాడట. ఇప్పుకోనంటే ఇప్పుకోనన్నాడట. కానీ ఒక కబురు పంపాడు. "వొచ్చే యేడు మీవోల్లు పడిపోతే ఒట్టు తీరిపోద్దంట. అప్పుడొస్తాడంట. అలా సెప్పమన్నాడు."

వచ్చే ఏడు. అతనికి డెబ్బై రెండు. షుగరు. నేనేమన్నా చిన్నవాడినా?

జూన్ 3

మావాళ్లు పడిపోవాలని మొక్కుకోబోయాను. అమ్మవారి ముందు నిలబడ్డాను కూడా. నోరు రాలేదు. వానలో పాడిన ఆ జనం గుర్తొచ్చారు. వాళ్లు నాకేం అపకారం చేశారని? బావ రావాలని మాత్రం అడిగి వచ్చేశాను. రెండూ ఒకటేనని ఆవిడకి తెలియదా ఏం?

జూన్ 12

మా పొడుగాటివాణ్ని అమ్మేశారు. ఎవరికి? బావ ఎర్రజట్టుకి.

టీకొట్టు చావు ఇల్లులా ఉంది. డా మ్యా నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. అతను లేకపోతే గోలు వేసేవాడెవడు, వచ్చే ఏడు కిందికి పోవడమే, అని అందరూ ఒకటే మాట. నన్ను ఓదారుస్తున్నారు. తల వంచుకుని కూర్చున్నాను. బాధ అనుకున్నారు. నవ్వు బయటపడకుండా పెదవులు బిగబట్టుకున్నాను. ఇంత పాపిష్టి సంతోషం నాకెప్పుడూ కలగలేదు. చెప్పుకోవడానికి ఒక్కడే ఉన్నాడు ఈ ఊళ్లో, అతనికే చెప్పకూడదు.

ఈ వార్త చూసి బావ ఏమంటాడో కూడా తెలుసు. "మీవోడికి బుద్దొచ్చి మా ఇంటికొచ్చీసినాడు సూడు!" ఖాయంగా ఇదే.

జూన్ 13

వాన తెరిపి ఇస్తే బజారుకి వెళ్లాను. ఉల్లిపాయల బండికి అటు పక్క బావ. చంకలో పేపరు. నన్ను చూశాడు. ఈసారి పక్కకి తిరగలేదు. మూతి మీదికి ఆ నవ్వు వస్తోంది... ఏడిపించే ముందు వచ్చే నవ్వు. నోరు తెరిచాడు. అను బావా. ఏమన్నా పడతాను, అను. నేను ముందుకి వంగాను కూడా.

పెదవులు కదిలాయి. మూసుకున్నాడు. ఉల్లిపాయల ఆవిడ వైపు తిరిగి, బర్మీస్‌లో ధర అడిగాడు. కొనుక్కున్నాడు. వెళ్లిపోయాడు.

నేను ఏం కొనడానికి వెళ్లానో గుర్తు రాలేదు. ఖాళీ సంచితో ఇంటికొచ్చాను.