మందుకు లొంగని తల్లి

ఈరమ్మా, నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంత సంతోషం నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

పురుగుల చదువు చదివిన మన కూతురు ఉరుకుంది ఈ రోజు మన పత్తిచేనులోనే రైతులందరినీ కూర్చోబెట్టింది. ఎన్నిసార్లు మందు కొట్టినా ఆకుల రసం పీల్చే పేనుబంక ఎందుకు చావడం లేదో చెప్పింది. ఆ పురుగుకు మగతోడు లేకుండానే పిల్లలు పుడతాయంట, అన్నీ అచ్చం తల్లిలాగేనంట. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొడితే, తట్టుకొన్న తల్లి సంతానమే చేనంతా నిండుతుందంట.

"ఆ మందు ఆపండప్పా. పేనుబంకను తినే అక్షింతల పురుగులనన్నా బతకనీండి" అని బతిమాలింది. కొందరు పక్కనున్న మందు డబ్బాలు చేతికి తీసుకున్నారు. బిడ్డ మాట నేలపాలవుతుందేమో అనుకున్నాను.

అప్పుడు పక్కచేను సుంకన్న లేచాడు. "తల్లి గుణం బిడ్డకొస్తాదనేది నిజమేలేప్పా. పాప సదువు మాన్పించమని ఈరమ్మకు మనమంతా ఎంత మందు కొట్టినా పని చేసినాదా? ఈ పాప గూడా మన మాట ఇనదు. మనమే ఇందాం" అన్నాడు.

అందరూ నవ్వారు. సుంకన్న తెచ్చుకున్న మందు డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

ఆ రోజు ఊరంతటికీ లొంగకుండా నిలబడ్డావు చూడు, ఈరమ్మా, నీకు వెయ్యి దండాలు.