వెనక నుంచి చూసిన రంగుల సినిమా

1972 జనవరి, శుక్రవారం రాత్రి

ఈ సాయంత్రం కాలనీ మైదానంలో కంపెనీ వాళ్ళు రంగుల సినిమా వేశారు. ముందు, పోయినేడు మన బొగ్గు బాయిలోనే తీసిన జాగ్రత్తల బొమ్మ, ఆ తర్వాత నవ్వించేది. మగవాళ్ళు తెరకు ముందు, ఆడవాళ్ళం ఎప్పటిలాగే తెర వెనక కూర్చున్నాం.

తెర మీద ఒక పిల్లగాడు ఎడమ చేత్తో కర్ర పట్టుకుని బాయి పైకప్పును తట్టి చూస్తున్నాడు. పక్కింటి లచ్చక్క నా భుజం పట్టి ఊపింది.

"చూడవే, మన రాజేశం!"

"మావోనికి ఎడమచేతి వాటం లేదక్కా," అని తల దించుకున్నాను. పోయిన కొడుకును ఎవరిలోనో వెతుక్కునే ఓపిక నాకు లేదు.

"పిచ్చిదానా, ఎనుక కూసుండి చూస్తే అన్ని ఉల్టా కనవడ్తయ్ గదనే!"

లేచి జనాన్ని తోసుకుంటూ ముందుకు పరుగెత్తాను. అప్పటికే ఆ బొమ్మ అయిపోయింది. రెండోది మొదలై అందరూ పగలబడి నవ్వుతున్నారు.

రేపు ఇదే బొమ్మ మంచిర్యాలలో వేస్తారట. "వోదామా?" అని ఇంటికొచ్చాక మా ఆయనను అడిగాను.

"మల్ల ఏడ్సుడేనా? నాతోని కాదు," అని గోడవైపు తిరిగాడు. నిద్ర మాత్రం పోలేదు.

ఆ బొమ్మ తీసిన తర్వాత రాజేశం పసిరికల జబ్బుతో, కామెర్లతో, దవాఖానలో పోయాడు. కళ్ళు మూస్తే ఆ పచ్చబడ్డ ముఖమే నాకు కనిపిస్తుంది. అంతకుముందు ఎలా ఉండేవాడో ఎంత తలచుకున్నా రావడం లేదు. ఆ బొమ్మలో వాడి అసలు రంగు ఉంది. రేపు ఒక్కదాన్నైనా రైలెక్కుతాను. మగవాళ్ళు ఏమన్నా సరే, తెరకు ముందే కూర్చుంటాను.